గుగ్గిళ్లు ఉడికేదాక

నవ్వకు వెంకటవ్వా. నువ్వు నవ్వుతవని తెల్సే ఇన్నొద్దులు నీ వాకిట్లకు రాలే. ఇయ్యాల నీ పెద్ద బగోనె కోసం రాక తప్పలే. వచ్చినంక నోరు ఆగలే.

నవ్వితె నవ్వు గని పొయ్యి దిక్కు సూడు, పొంగుతది. ఆ చెరుకు పిప్పి ఇంకింత ఎగెయ్యి. రాత్రి కెల్లి నానినయ్ గీ శెనగలు, అయినా ఇంక పలుకు పలుకుగనే ఉన్నయ్. మా అత్త ఏరి తెచ్చింది గద, ఆమె లెక్కనే ఉన్నయ్.

నువ్వు మొదటి సంది అంటనే ఉన్నవ్. "అన్నదమ్ముల పిల్లలకు లగ్గమేందే కుల్సుమ్, గాళ్లు అన్నాచెల్లెండ్లు గారా, మా దాంట్ల గిట్ల జేస్తె ఊరు మీద ఉమ్మేస్తది" అని. నేను నీతోని ఎన్నిసార్లు కొట్లాడిన. మీకు మేనబావ ఎట్లనో మాకు పెద్దనాయిన కొడుకు గట్లనే, మాకు తప్పు లేదవ్వా అని.

ఇగ నువ్వే గెలిసినవ్. నా కొడుకు రహీంగాడు, మా బావ బిడ్డ సుగ్రా, ఇద్దరు అన్నాచెల్లెండ్లయిండ్రు. ఉత్తగ అంటలేను, నిజంగనే అయిండ్రు. జేసింది నేనే.

మెల్లగ మాట్లాడు. గోడ అవతల మా అత్త కూసున్నది. కండ్లకు పొరలొచ్చినయ్ గని చెవులు పాము చెవులు. ఏందీ, ఆమెకు తెలుగు రాదంటవా? తెలుగు రాకుంటె అంగట్ల కూరగాయలోళ్లను గంతగనం ఎట్ల తిడతది? అన్నీ ఒస్తయ్ హుసేన్ బీకి. మనతోని మాట్లాడ మనసు రాదు, గంతే.

నీకు తెల్సు గద, మా ఇండ్లల్ల పసిపిల్లకు మొదటి పన్నొస్తె శెనగలు ఉడకబెట్టి పంచుతం. మేం ఘుంగ్నీ అంటం, మీరు గుగ్గిళ్లంటరు, కడుపులకు పోయినంక రెండూ ఒక్కటే. పిల్లకు పండ్లు గట్టిగ రావాలె, తిన్నది అరగాలె అని వాడకట్టు పోరగాండ్ల దోసిళ్లల్ల పోస్తం. ఇయ్యాల సుగ్రా పన్నుకు గివి. ఉట్టి గుగ్గిళ్లే అయితె నాకేం బాధ? నేనే ముందటుండి పంచుతుంటి.

మా అత్త ఊకుంటదా. "ఎట్లాగు నలుగురు ఒస్తరు, వాళ్ల ముందటనే రహీంకు సుగ్రా అని జబాన్ ఇచ్చుకుందాం" అన్నది. ఇన్నొద్దులు ఇంట్ల అనుకున్న మాట, ఇగ మాపటికి వాడకట్టు మాటయితది. పిల్ల తలకు ఎర్ర ఓణి కప్పుతరు. వేలికి ఉంగరం తొడుగుతరు. మసీదు పేషిమాం సాబ్ వచ్చి దువా చదువుతడు. పొద్దు వాలి అసర్ నమాజ్ కాంగనే. అంటే ఎంతసేపున్నది? నీ పొయ్యి మీద గీ గుగ్గిళ్లు ఉడికేదాక ఉన్నది నాకు టైము. ఆ లోపట నేను చెప్పన్నా చెప్పాలె, బతికినన్ని దినాలు నోరన్నా మూసుకోవాలె.

మా వాళ్లల్ల ఎవలకు చెప్పినా, చెప్పంగనే అయిపోయినట్టు. నీకు చెప్తె చెప్పినట్టూ అయితది, చెప్పనట్టూ అయితది. గందుకే ఒచ్చిన.

మా ఇంటి సంగతి నీకు తెల్వనిదా. అయినా మొదటి కెల్లి చెప్త. లేకుంటె నా తప్పు నీకు తప్పు లెక్క కనవడదు.

మా బావ జలీలు, నా మొగడు నూరుల్లా, ఇద్దరిది ఎడ్ల గిట్టలకు నాడాలు కొట్టే పని. గా పని ఒక్కనితోని కాదవ్వా. ఎద్దు కాళ్లకు తాడేసి పడగొట్టాలె, నాలుగు కాళ్లు ఒక్కకాడికి గుంజి కట్టాలె. ఒకడు మెడ మీద కూసోని కొమ్ములు అదిమి పట్టాలె, ఒకడు మేకులు దించాలె. మా బావ పట్టుడు, మా ఆయిన కొట్టుడు. మేకు జర లోపటికి దిగిందంటె ఎద్దు కుంటిదే. పట్టినోని మీద నమ్మకముంటెనే కొట్టెటోని చెయ్యి సక్కగుంటది. పరాయోడు పడితె మా ఆయిన చెయ్యి వణుకుతది. పోయిన సీజన్ల మా బావ అలిగి నిజామాబాద్ పోయి కూసుంటె, ఈయిన ఎవన్నో కూలికి పెట్టుకోని పని నడిపిచ్చిండు. రుద్రూర్ రైతు ఎద్దుకు మేకు పచ్చి మాంసంల దిగింది. గా రైతు చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందట, బండ్లోళ్లందరు ఇనంగ తిట్టిండు. మా ఆయిన ఇంటికొచ్చి అన్నం ముట్టలే.

మా బావకు కోపం దేనికంటె, "ఇగ ట్రాక్టర్లొస్తున్నయ్, కొన్నేండ్లయితె చెరుకు బండ్లు కంటికి కనవడయ్, నిజామాబాద్‌ల టాంగా గుర్రాలున్నయ్, అక్కడికి పోదాం" అంటడు. నా మొగడు బోధన్ ఇడిసి రానంటడు. నా యారాలు, మా బావ పెండ్లాం బిల్కిస్ పుట్టిల్లు నిజామాబాద్‌ల, ఆమెకు గూడ మనసు అటే. ఒక్క వాకిట్ల రెండు పొయ్యిలు వెలిగినయ్. అన్నదమ్ములకు మాటల్లేవు. ఎదురుంగ వస్తె ఒకడు ఇటు సూస్తడు, ఒకడు అటు సూస్తడు.

గప్పుడు సుగ్రా పుట్టింది. మా అత్త ముసల్ది గట్టిదే, ఒప్పుకోవాలె. రహీంగాన్ని నా ఒళ్లెకెల్లి గుంజుకపోయి బాలింత మంచం మీద పిల్ల పక్కన పండవెట్టింది. ఇద్దరు కొడుకులను పిలిసింది. "గీ పిల్ల గీ ఇంటి కోడలు. ఒప్పుకుంటె ఇద్దరు కల్సి పని జెయ్యిండ్రి. ఒప్పుకోకుంటె నేను చస్తె నా మయ్యత్ మొయ్యనీకి రాకుండ్రి" అన్నది. మా బావ ఏడ్సిండు. "బిడ్డ ఇక్కడ ఉండేదయితె నేనెటు పోత అమ్మా" అన్నడు. తెల్లారి ఇద్దరు కల్సి తాడు, సుత్తె పట్కోని గేటు కాడికి పోయిండ్రు. గా ఒక్క మాట మీదనే నడుస్తున్నది మా ఇల్లు.

ఇగ బిల్కిస్‌కు టైఫాయిడ్ ఒచ్చె. నిజామాబాద్ దవాఖానల షరీక్ జేసిండ్రు. పసిపిల్లను దగ్గరికి రానియ్యద్దన్నరు. సుగ్రాను నా ఒళ్లె పెట్టి పోయింది. జరంతోని కాలుతనే, టాంగాల కూసోని మూల తిరిగేదాక మెడ తిప్పి సూసుకుంటనే పోయింది.

మా అత్త అదే రోజు నీ కాడికొచ్చి నీ మేకను తోలుకపోయింది గద. నువ్వు, గంత పాలిచ్చే ఆడిది ఇంట్ల ఉండంగ మేకెందుకు అని అడిగినవ్, ఆమె ఇననట్టు పోయింది. నేను ఇన్న. ఇంటికి పోయి నా చెయ్యి పట్టుకోని, "మేకపాలు పట్టు, గంజి పట్టు, చక్కెర నీళ్లు పట్టు. నీ పాలు పట్టద్దు. కసం తిను, ఒట్టెయ్యి" అన్నది. తిన్న.

ఎందుకంటవా? గదే నీకు ఎక్కుతలేదు. మా దాంట్ల, పసిపిల్ల ఎవతి పాలు తాగితె ఆమె తల్లే. కన్నతల్లి ఎట్లనో గట్లనే. ఆమె పిల్లలు గీ పిల్లకు తోడబుట్టినోళ్లు. పెద్దనాయిన బిడ్డయితె నిఖా అయితది, పాలు తాగిన బిడ్డయితె కాదు. ఎన్నడు గాదు. నీకు ఉల్టగ కనవడతది, నాకెరుకే. మీకు తప్పయింది మాకు తప్పు గాదు, మీకు ఏం గానిది మాకు హరామ్. ఒక్క గోడే అడ్డం మనకు, సూడు ఎంత దూరమున్నమో.

పిల్ల అవస్థ నువ్వు సూసినవ్. చిగుళ్లు ఉబ్బి ఎర్రగయినయ్. సొల్లు కారి కారి మెడ మడతల్ల పుండ్లయినయ్. దొరికింది నోట్ల పెట్టుకునుడు, కొరుకుడు, చెవులు గుంజుకునుడు, ఏడ్సుడు. నువ్వు వెలిగారం పొంగిచ్చి తేనెల కలిపి ఇచ్చినవ్, రాసిన, ఏం లాభం లేకపాయె. మా అత్త దర్గా కెల్లి తావీజు తెచ్చి కట్టింది. పిల్ల ఆ తావీజునే నోట్ల పెట్టుకోని నమిలింది. మా బావ, తియ్యగుంటది చీకుతదని చెరుకు ముక్క చెక్కు తీసి చేతికిచ్చిండు. దాని పీసు గొంతుల అడ్డం పడి పిల్ల నల్లగయింది. వేలు పెట్టి గుంజిన. గప్పుడు మా బావను నేనన్న మాటలు నువ్వు ఇనే ఉంటవ్, నీ వాకిలి దాక వచ్చినయ్.

మా ఆయిన ఏం జేసిండో తెల్సా? కొత్త నాడా ఒకటి తీసుకోని, అంచులు నున్నగ రాకి, ఉడుకు నీళ్లల్ల కడిగి, కుండ కింద తడి ఇసుకల చల్లగ పెట్టి ఇచ్చిండు. ఎద్దు కాలికి కొట్టేది. గా పిల్ల రెండు చేతులతోని పట్టుకోని, కండ్లు మూసుకోని, చిగుళ్లకు రుద్దుకునుడు సూస్తె నాకు నవ్వొచ్చింది. గదొక్కటే జర పనిచేసింది. రహీంగాడు నాకు గూడ గావాలెనని మొత్తుకుంటె వానికొకటి ఇచ్చిండు. ఇల్లంత టంగు టంగుమని సప్పుడు.

గని పాలు ముడతలేదు. చెంచ చిగురుకు తాకంగనే తల అవతలికి తిప్పేది. బలవంతంగ పోస్తె కక్కేది. ఒళ్లు కాలింది. నీళ్లు నీళ్లుగ పారుడు మొదలయింది. కండ్లు లోపటికి పోయినయ్. నెత్తి మీద మాడు గుంటయింది.

గా మాడు నేను మునుపొకసారి సూసిన.

నా పెద్దబిడ్డది. నువ్వే గద దానికి కాళ్ల మీద ఏసుకోని నీళ్లు పోసింది. ఫాతిమా అని పేరు పెట్టినం గని, పిలిస్తె ఇటు సూసేటంత పెద్దగ కాలే. దానికి గూడ పండ్లొచ్చేటప్పుడే. పండ్లొస్తె పారుతది, అదే తక్కువైతది అని అందరన్నరు. నువ్వు గూడ అన్నవ్. నేను గూడ గదే అనుకున్న. అనుకుంటుండంగనే పోయింది. నిన్ను అంటలేనవ్వా. కండ్లు తుడుసుకో. నీ తప్పని అనలే.

గందుకే సుగ్రా మాడు మీద చెయ్యి పెట్టంగనే దాన్ని ఒళ్లెకు గుంజుకున్న.

పగటిపూట అది. అన్నదమ్ములు గేటు కాడ ఉన్నరు, బండ్ల లైను పెద్ద రోడ్డు దాక ఉండె ఆ రోజు. మా అత్త నమాజ్ మీద కూసున్నది. రహీంగాడు పండుకున్నడు. పిల్ల మొగం తిప్పి నా రైక తడిమింది. ఏడ్వనీకి గూడ బలం లేదు దానికి, ఉత్తగ నోరు తెరుస్తున్నది, మూస్తున్నది. నేను రాయినా అవ్వా? నా పాలు అవే కారి రైక తడిసింది.

ఇచ్చిన.

మొదలు నొప్పికి ఇడిసింది. మల్ల పట్టింది. మల్ల ఇడిసింది. తర్వాత ఇడువలే. నా కొంగు పిడికిట్ల పట్టుకోని, తాగి తాగి, చెమటలు పోసి పండుకున్నది. నేను గట్లనే కూసున్న. కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లే.

మా అత్త లేచి నమాజ్ జేసిన జానమాజ్ బట్ట మడత పెట్టుకుంట, "సప్పుడు లేదేంది, పాలు తాగిందా?" అని అడిగింది. తాగింది అన్న. అబద్ధమైతె చెప్పలే సూడు.

పన్ను గూడ నాకే మొదలు తెల్సింది. ఎట్లనా? పిల్లలను కన్నదానివి, నన్నడుగుతున్నవా. తెల్లారి తాగుకుంట తాగుకుంట కసుక్కున కొరికింది. నా పానం పోయింది. మొత్తుకోబోయి కొంగు నోట్ల కుక్కుకున్న. వేలు పెట్టి సూస్తె కింది చిగురుల బియ్యపు గింజంత. దాని తల్లి రానీ, ఆమెనే మొదలు సూసిననుకోనీ అని ఎవలకు చెప్పలే. గంత మంచిదాన్నే నేను. చెప్తె, నీకెట్ల తెల్సింది అంటరని భయం గూడ ఉండె.

నిన్న పొద్దుగాల రైలుకు ఒచ్చింది బిల్కిస్. జుట్టంత ఊడింది. గాజులు మోచేతి దాక జారుతున్నయ్. పాలు ఎండిపోయినయ్ ఆమెకు, ఇగ రావన్నరంట. టాంగా దిగంగనే చేతులు సాపింది. పిల్ల నా మెడ కరుసుకోని మొత్తుకున్నది. నేను బిల్కిస్ మొగం సూడలేకపోయిన. బలవంతంగ ఆమె ఒళ్లె పెట్టి, ఇంట్లకు పోయి, మంట లేని పొయ్యి ఊదుకుంట కూసున్న.

జరసేపైనంక ఆమె నవ్వు ఇనవడ్డది. గిలాస అంచు చిగురుకు తాకిచ్చి సూసిందంట, టిక్కుమన్నదంట. మా అత్తను పిలిసింది, మా బావను పిలిసింది. నన్ను గూడ పిలిసి, "సూడు కుల్సుమ్, నేనొచ్చేదాక ఆగింది. నాకోసమే ఆగింది" అన్నది. అవ్ అక్కా, నీకోసమే ఆగింది అన్న. గదైతె అబద్ధమే.

ఆమె నా చేతులు కండ్లకద్దుకున్నది. "నా పిల్లను బతికిచ్చినవ్. నువ్వు దీనికి అత్తవైతె నాకింక రంది లేదు. నిజామాబాద్ ముచ్చట ఇగ నేనెన్నడు తియ్య" అన్నది. నేను చేతులు గుంజుకున్న. మొగమాటపడ్డ అనుకున్నది.

గా మాట ఇన్నంక ఉండవట్టలే. పేషిమాం సాబ్ బీబీ కాడికి పోయిన. నా సంగతి అని ఎట్ల అడుగుత? "మోస్రా ఊర్ల మా సుట్టాలామె, పక్కింటి పిల్ల ఏడుస్తుంటె జర పాలు పట్టిందంట, దానికి లెక్కుంటదా?" అని అడిగిన. ఆమె బియ్యం ఏరుకుంట, తల ఎత్తకుంట, "ఒక్క గుటక కడుపుల వడ్డా తల్లే" అన్నది. తర్వాత తల ఎత్తి, "మోస్రాల ఎవలు?" అన్నది. పొయ్యి మీద కూర పెట్టొచ్చిన అని ఉరికొచ్చిన.

ఏందంటున్నవ్? ఎవలు సూసిండ్రు, నోరు మూసుకో అంటున్నవా?

నేనూ గదే అనుకున్న. రాత్రంత గదే అనుకున్న. నాకు, పైనోనికి ఎరుక, ఇగ నీకు. నువ్వు ఎవలకు చెప్పవ్. గని ఎట్లవ్వా? గీ పిల్లలు పెద్దగయితరు. నిఖా చదువుతుంటె నేను అత్తనని కొత్త చీర కట్టుకోని ముందట నిలవడాలె. వాళ్లకేం ఎరుక? తప్పు నాది, గునా, గా పాపం, వాళ్ల మెడకు. రేపు వాళ్లకొక పిల్ల పుడితె దాన్ని ఎత్తుకోని నేనేమనుకోవాలె? మీకు గిది ఏం గాదు, నాకెరుకే. మీ పిల్లలు అన్నాచెల్లెండ్లు లగ్గం జేసుకున్నరనుకో. గప్పుడు నువ్వు ఊకుంటవా? సూసినవా, మొగం ఎట్ల పెట్టినవో. నాది గదే.

చెప్తెనా? మాట పోయినంక మా బావ ఇక్కడ దేన్ని పట్టుకోని ఉంటడు? పిల్లను, పెండ్లాన్ని టాంగాల ఎక్కిచ్చుకోని నిజామాబాద్ పోతడు. మా ఆయిన మల్ల కూలోన్ని పెట్టుకోవాలె, వణికే చేతులతోని మేకులు కొట్టాలె. మా అత్త కసం తప్పినదానివని నా చేతి నీళ్లు ముట్టదు. ముసల్దానికి అన్నదమ్ములను కలిపిన సంబరం ఒక్కటే మిగిలింది, దాన్ని నేనే గుంజుకున్నట్టయితది. బిల్కిస్‌కైతె ఇంక అన్యాలం. ఇంత జరంల నుంచి లేచొచ్చి, బిడ్డకు పట్టనీకి పాల బొట్టు లేక కూసున్నది. ఆమె ముందట నిలవడి, నీ బిడ్డకు నేను గూడ తల్లినే అని చెప్పాలె. కడుపు మీద తన్నినట్టు గాదా?

మంట తగ్గియ్యి. ఒకటి తీసి సూడు, మెత్తవడ్డయా? నీ నోట్ల ఒక్క పన్ను లేదు, నీకే కరిగిందంటె ఇగ అందరికి ఉడికినట్టే.

వద్దవ్వా, గా మాట అనకు. పానం కాపాడనీకి ఇచ్చినవ్, దేవుడు మాఫ్ జేస్తడు అనకు. అందరు గదే అంటరు. పేషిమాం సాబ్ గూడ గదే అంటడు. పిల్ల చస్తుంటె కసం ఏంది, కుల్సుమ్ మంచి పనే జేసింది అంటడు. మా అత్త గూడ నాలుగొద్దులు తిట్టి, తర్వాత గదే అంటది.

గని ఒక్క ముచ్చట నీకు చెప్పలే. ఇను.

మొదటి రోజు పానం కోసమే ఇచ్చిన. ఖుదా సూస్తున్నడు, ఆ రోజు నా మనసుల ఇంకోటి లేదు. తెల్లారి పన్ను మొలిసింది గద, గప్పటి సంది జరం ఇడిసింది, పారుడు తగ్గింది. పగటికి నీ మేకపాలు చెంచతోని పెడితె మంచిగ తాగింది. గిన్నెడు తాగి మూతి నాక్కున్నది. ఇగ నాతోని పని లేదు దానికి.

నేను గా గిన్నె కడిగి బోర్లిచ్చిన. తలుపు దగ్గరికేసిన. పిల్లను ఒళ్లె ఏసుకోని మల్ల ఇచ్చిన.

ఆ మరునాడు గూడ ఇచ్చిన. బిల్కిస్ వచ్చేదాక ఇస్తనే ఉన్న. మా అత్త ఉన్నప్పుడు చెంచ, గిన్నె. ఆమె నమాజుకు కూసోంగనే నా పాలు. నీ మేకపాలు రహీంగాడు తాగిండు, వాని పాలు సుగ్రా తాగింది. వాడు పక్కన కూసోని నాకు గావాలెనని రైక గుంజుతుంటె వాన్ని అవతలికి నూకిన. నా కడుపున పుట్టినోన్ని నూకిన. "పోరడు బక్కగైండు, పండ్లొచ్చే బాధనా?" అని మా ఆయిన అడిగితె, అవ్ అన్న.

ఎందుకంటవా? ఒక్కపాలి తాగితె సరిపోదేమో అనుకున్న. గప్పటికి నాకు ఒక్క గుటక ముచ్చట తెల్వది. తల్లిని గానీకి ఎంత తాగాల్నో, తక్కువైతదేమో, లెక్కకు రాదేమో అని భయపడి ఇచ్చిన. నిన్న పేషిమాం బీబీ కాడికి ఏం గాదని చెప్తదేమో అన్న ఆశతోని పోయిన అనుకున్నవా? ఏం గాదు అంటదేమో అన్న భయంతోని పోయిన. ఆమె "తల్లే" అనంగనే నాకు సంబరమయింది. గల్లీల ఉరుకుతుంటె నవ్వు ఆగలే. గిప్పుడు చెప్పు, గిది ఏ దేవుడు మాఫ్ జేస్తడు?

కోడలు నాకెందుకవ్వా. కోడలు అత్తను ఏ తీరుగ సూస్తదో నాకు తెల్వదా, నేనే సూస్తున్న గద. నాకు బిడ్డ గావాలె. ఫాతిమా పోయినంక ఎవలడిగినా, ఒక్క కొడుకు అని చెప్పుకుంట తిరుగుతున్న. గా పిల్ల నా పాలు తాగుకుంట, మధ్యల నోరు ఇడిసి, నా మొగంలకు సూసి నవ్వింది. ఒక్క పన్ను తోని. గప్పటి సంది నేను నా చేతుల లేను.

గందుకే చెప్త. మాపటికి ఓణి కప్పకముందే, నలుగుర్ల నిలవడి చెప్త. అందరేమంటరు? కుల్సుమ్‌కు ఖుదా భయమున్నది, ఇల్లు కూలినా నిజం చెప్పింది అంటరు. గా మాట ఇని నేను తల వంచుకుంట. నీకొక్కదానికే ఎరుక, భయం గాదు, ఆశ. సుగ్రా కుల్సుమ్ బిడ్డ అని పేషిమాం సాబ్ నోటితోని రావాలె నాకు. ఒక్కసారి వస్తె సాలు. తర్వాత ఎవలేమన్నా అననీ. బిల్కిస్ కండ్లల్లకు ఎట్ల సూడాల్నో మాత్రం నాకు తెల్వది.

ఇగ దించు. రెండు దిక్కుల పట్టుకుందాం, కాలుతది, కొంగు అడ్డం పెట్టుకో. నువ్వు ఒస్తవా మాపటికి? రా. మూలకన్నా నిలవడు. నాకు ఒక్క మొగమన్నా కావాలె సూడనీకి.

పిల్ల పోతది, నాకెరుకే. జుమ్మా దాటకముందే మా బావ టాంగా పిలుస్తడు. నోరు మూసుకుంటె కోడలై నా ఇంట్లకే వచ్చి, నేను చచ్చేదాక నా కండ్ల ముందట తిరుగుతుండె. నేనే బిడ్డ గావాలన్న. బిడ్డయినంక పోవుడే గద. అందరి బిడ్డలు లగ్గమైనంక పోతరు. నా బిడ్డలు పండ్లొచ్చేటప్పుడే పోతరు, ఏం జేద్దాం.